రాత్రిపూట రోబో తనంతట తాను లాగిన్ కావాలంటే

ప్రశ్న: మా సంస్థ లెక్కల విభాగంలో సరఫరాదారుల బిల్లులను నమోదు చేయడానికి ఒక ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకున్నాము. పగటిపూట నేను ఎదురుగా కూర్చుని నడిపిస్తే రోబో చక్కగా పనిచేస్తుంది. రాత్రి రెండు గంటలకు నడిచేలా, ప్రోగ్రాములను చెప్పిన వేళకు మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే మాత్రం మొదట్లోనే ‘బటన్ కనబడలేదు’ అని ఆగిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో రోబోను మొదలుపెట్టి, తెర మీది దాని కిటికీ (విండో) మూసి ఇంటికి వెళ్లినా అదే ఫలితం. మౌస్‌ను కదిలిస్తూ ఉండే చిన్న ప్రోగ్రామ్‌ను కూడా పెట్టి చూశాను. చివరికి ఒక మిత్రుడి సలహాతో, విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో నా పాస్‌వర్డ్ రాసి, కంప్యూటర్ ఆన్ కాగానే లాగిన్ అయ్యేలా చేశాను. అది పనిచేసింది కానీ మా ఐటీ విభాగం చూసి వెంటనే తీసివేయమంది. నేను లేనప్పుడు రోబో సురక్షితంగా లాగిన్ అయ్యే మార్గం ఉందా? ప్రతి 90 రోజులకు పాస్‌వర్డ్ మార్చాలనే మా నిబంధనతో ఎలా నెట్టుకురావాలి?

సమాధానం: మార్గం ఉంది. అయితే మీరు చేసిన ప్రయత్నాలు ఎందుకు విఫలమయ్యాయో ముందు చూడాలి, ఎందుకంటే మీ మిత్రుడు అనుకున్నట్టు ఇక్కడ అసలు చిక్కు పాస్‌వర్డ్‌ది కాదు. మీ రోబో మనిషిలాగే తెర మీది బటన్లను వెతికి నొక్కుతుంది కాబట్టి దానికి సజీవంగా ఉన్న ఒక డెస్క్‌టాప్ కావాలి. రాత్రి రెండు గంటలకు ఆ డెస్క్‌టాప్ లేదు. లేని తెర మీద బటన్ కనబడకపోవడంలో వింతేమీ లేదు.

టాస్క్ షెడ్యూలర్‌లో ‘యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడుపు’ అనే ఎంపికను మీరు పెట్టి ఉంటారని ఊహిస్తున్నాను. ఆ మాట చదివిన వారెవరైనా తమ సమస్య తీరిందనే అనుకుంటారు. నిజానికి ఆ ఎంపిక పెట్టినప్పుడు విండోస్ మీ ప్రోగ్రామ్‌ను సర్వీసులు, అంటే తెర వెనుక పనిచేసే ప్రోగ్రాములు, నడిచే సున్నా నంబరు సెషన్‌లో (ఒక్కో లాగిన్‌కు విండోస్ ఇచ్చే పనిచోటే సెషన్) నడుపుతుంది. విండోస్ విస్టా నుంచి ఆ సెషన్‌ను మనుషులు వాడే సెషన్ల నుంచి పూర్తిగా వేరు చేశారు. అక్కడ ఫైళ్లను కాపీ చేసే స్క్రిప్టు హాయిగా నడుస్తుంది, డేటాబేసుకు బ్యాకప్ తీసే ప్రోగ్రామూ నడుస్తుంది, కానీ బటన్ నొక్కడానికి కావలసిన తెర మాత్రం ఉండదు. కావాలంటే మీరే చూడవచ్చు: ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్‌లో రాత్రి రెండు గంటల ప్రాంతంలో 4624 నంబరు నమోదును వెతకండి. అది విజయవంతమైన లాగిన్‌కు గుర్తు. దానిలో ‘లాగాన్ టైప్’ అనే వరుస దగ్గర 4 అని ఉంటే అది బ్యాచ్ లాగిన్. మనిషి కీబోర్డు ముందు కూర్చుని చేసే లాగిన్‌కు అక్కడ 2 అని, రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చిన లాగిన్‌కు 10 అని పడుతుంది. అంటే ఆ రాత్రి మీ పాస్‌వర్డ్‌ను విండోస్ ఒప్పుకుంది, లాగిన్ కూడా అయింది, కానీ ఆ లాగిన్ రోబోకు ఎందుకూ కొరగానిది.

రిమోట్ డెస్క్‌టాప్ సంగతి కొంచెం వేరు. మీరు కిటికీ మూలన ఉన్న గుర్తు నొక్కి మూసేసినప్పుడు సెషన్ చావదు, తెగిపోయిన స్థితిలో ఉంటుంది. ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి కానీ వాటి బొమ్మను ఎవరికీ చూపించవలసిన పని లేదు కాబట్టి విండోస్ తెరను గీయడం మానేస్తుంది. కిటికీని మూయకుండా కిందికి కుదించినా చాలాసార్లు ఇదే జరుగుతుంది. ఇక తెర లాక్ అయినప్పుడు మరో అడ్డు ఉంది. లాగిన్ తెరను విండోస్ వేరే సురక్షిత డెస్క్‌టాప్ మీద చూపిస్తుంది, మామూలు ప్రోగ్రాములు దాని మీద టైపు చేయలేవు, క్లిక్ చేయలేవు. మీరు మౌస్‌ను కదిలించే ప్రోగ్రామ్ పెట్టుకున్నది తెర లాక్ కాకుండా ఉండడానికే అయి ఉంటుంది. కానీ తెగిపోయిన సెషన్‌లో కదిలించడానికి మౌసే లేదు. పైగా అలాంటి ప్రోగ్రాములు సంస్థ పెట్టుకున్న లాక్ నియమాన్ని దొంగచాటుగా దాటడమే అవుతాయి కనుక, మీ ఐటీ విభాగం వారికి అది కూడా కంటబడక ముందే తీసివేయడం మంచిది.

ఇక్కడే మరో ఉపాయం కూడా మీ చెవిన పడి ఉండవచ్చు. టీఎస్‌కాన్ అనే కమాండ్‌తో రిమోట్ సెషన్‌ను తెంచకుండా ఆ యంత్రపు సొంత కన్సోల్‌కు, అంటే దాని సొంత తెరా కీబోర్డులకు, మళ్లించవచ్చు, అప్పుడు డెస్క్‌టాప్ సజీవంగానే ఉంటుంది. పరీక్షించే రోజుల్లో నేనూ దీన్ని వాడాను. కానీ దాని తరువాత ఆ యంత్రం లాక్ లేకుండా తెరిచి ఉంటుంది; దానికి మానిటర్ ఉంటే దారిన పోయే ఎవరైనా మీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కూర్చోవచ్చు. యంత్రం రాత్రి అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయితే ఆ ఉపాయమూ అక్కడితో సరి. రోజూ నడవవలసిన పనికి అది పునాది కాలేదు.

రిజిస్ట్రీ పద్ధతి పనిచేయడానికి కారణం, అది నిజమైన డెస్క్‌టాప్ లాగిన్ ఇవ్వడమే. రిజిస్ట్రీలోని విన్‌లాగాన్ అనే విభాగంలో ఆటోఅడ్మిన్‌లాగాన్ విలువను 1 చేసి, డీఫాల్ట్‌యూజర్‌నేమ్, డీఫాల్ట్‌పాస్‌వర్డ్ విలువలు నింపితే కంప్యూటర్ ఆన్ కాగానే ఆ ఖాతా తెరుచుకుంటుంది. ఐటీ విభాగం అభ్యంతరం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే. ఆ పాస్‌వర్డ్ అక్కడ మామూలు అక్షరాల్లో, ఏ ముసుగూ లేకుండా ఉంటుంది. ఆ కంప్యూటర్‌లో లాగిన్ కాగల వారెవరైనా దాన్ని చదవవచ్చు. ఇంటికి తాళం వేసి తాళంచెవిని గడప మీదే పెట్టి వెళ్లినట్టు. పైగా అది మీ సొంత పాస్‌వర్డ్ కాబట్టి, దానితో మీ ఈమెయిలు, మీ జీతం వివరాలు, మీకు అధికారమున్న ప్రతి ఫోల్డరూ తెరుచుకుంటాయి. ఒకవేళ ఇంకా మార్చకపోతే ఈ సమాధానం పూర్తిగా చదివే లోపే ఆ పాస్‌వర్డ్ మార్చండి. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఆటోలాగాన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది పాస్‌వర్డ్‌ను గుప్తీకరించి, విండోస్ తన రహస్యాలను దాచుకునే ఎల్‌ఎస్‌ఏ అనే చోట దాస్తుంది. రిజిస్ట్రీలో బాహాటంగా రాయడం కంటే ఇది మేలే కానీ, ఆ యంత్రం మీద అడ్మిన్ అధికారం ఉన్నవారు దాన్ని సులువుగా బయటికి తీయగలరని ఆ ప్రోగ్రామ్ పేజీలోనే రాసి ఉంటుంది. తాళం వేసిన గదిలో ఒంటరిగా ఉండి, ఒకే పని చేసే యంత్రానికైతే దాన్ని ఒప్పుకుంటాను. లెక్కల విభాగం యంత్రానికి ఒప్పుకోను.

మీరు చేయవలసినది, మీ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న లాగిన్ సదుపాయాన్ని వాడడం. మనుషులు లేకుండా నడిచే రోబోల కోసం పేరున్న ఉత్పత్తులన్నిటిలో ఇది ఉంటుంది. దాని తయారీ రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటి రకంలో, బ్లూ ప్రిజమ్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ వారి లాగిన్ ఏజెంట్‌లో లాగా, ఒక సర్వీసు యంత్రం ఆన్ అయినప్పటి నుంచి కాచుకుని ఉంటుంది. లాగిన్ తెర మీద మనకు పాస్‌వర్డ్ పెట్టె చూపించే విభాగాన్ని క్రెడెన్షియల్ ప్రొవైడర్ అంటారు, అలాంటి మరో ప్రొవైడర్‌ను ఈ సాఫ్ట్‌వేర్ విండోస్‌కు జతచేస్తుంది, సర్వీసు దాని ద్వారా పేరూ పాస్‌వర్డూ అందిస్తుంది. బయటి ప్రోగ్రామ్ టైపు చేయలేని ఆ సురక్షిత తెరను విండోస్ స్వయంగా ఒప్పుకున్న ద్వారం గుండా దాటడమన్నమాట. రెండో రకంలో, యూఐపాత్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో కన్సోల్‌కు లాగిన్ కావద్దని ఎంచుకున్నప్పటిలాగా, సర్వీసు తన యంత్రానికే తాను రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ తెరుచుకుని, పని పూర్తయ్యాక మూసేస్తుంది. రెండింటిలోనూ పాస్‌వర్డ్ కేంద్ర సర్వరులో గుప్తీకరించి ఉంటుంది. రిజిస్ట్రీ పద్ధతితో పోలిస్తే నాకు ఇంతకంటే ముఖ్యంగా కనబడే తేడా మరొకటి: ఇక్కడ డెస్క్‌టాప్ తెరుచుకునేది పని ఉన్నప్పుడే. మిగిలిన సమయమంతా ఆ యంత్రం లాగిన్ తెర దగ్గరే ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్‌ను మనిషి పక్కన ఉండి నడిపే లైసెన్సుతో కొని ఉంటే ఈ సదుపాయం అందులో ఉండకపోవచ్చు, కాబట్టి మొదట మీ లైసెన్సు ఏ రకానిదో కనుక్కోండి.

తరువాతి పని రోబోకు సొంత ఖాతా తెరిపించడం. మీ ఖాతాతో రోబో నడిచినన్నాళ్లూ అది చేసిన ప్రతి నమోదూ మీరు చేసినట్టే పుస్తకాల్లో ఉంటుంది. రాత్రి రెండు గంటల పదిహేను నిమిషాలకు ఆమోదం పొందిన బిల్లు గురించి ఆడిటరు అడిగితే మీరు చెప్పగలిగినది ఏమీ ఉండదు. ఖాతా పేరు చూడగానే రోబోదని తెలియాలి. దానికి అడ్మిన్ అధికారం ఇవ్వవద్దు. ఆ యంత్రంలో స్థానికంగా లాగిన్ అయ్యే హక్కు, రెండో రకం పద్ధతి అయితే రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ల గ్రూపులో సభ్యత్వం, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లుల నమోదుకు సరిపడే హక్కు ఉంటే చాలు. సంస్థ ఖాతాలనూ కంప్యూటర్లనూ నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీలో ఆ ఖాతా ఏయే కంప్యూటర్లలో లాగిన్ కావచ్చో పరిమితం చేసే వీలుంది, దాన్ని తప్పక వాడమనండి. పాస్‌వర్డ్ పొరపాటున బయటపడినా మరో యంత్రం మీద అది చెల్లదు. మీ ఐటీ వారిలో ఎవరైనా గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ ఖాతా ఇస్తామంటే మాత్రం వద్దనండి. పాస్‌వర్డ్‌ను తనంతట తానే మార్చుకునే ఖాతా అది, వినడానికి బాగుంటుంది, కానీ దానితో డెస్క్‌టాప్‌లోకి లాగిన్ కాలేము.

ఖాతా చేతికి రాగానే రోబోకు అప్పగించకుండా, మీరే ఒకసారి ఆ పేరుతో ఆ యంత్రంలో లాగిన్ అవండి. కొత్త ఖాతా మొదటి లాగిన్‌లో విండోస్ గోప్యత గురించి అడుగుతుంది, బ్రౌజరు తననే ప్రధాన బ్రౌజరు చేసుకోమంటుంది, లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్త సదుపాయాల పరిచయం చూపిస్తానంటుంది. మనం ఆలోచించకుండానే మూసేసే ఈ పెట్టెల ముందు రోబో తెల్లవార్లూ నిలబడిపోతుంది. అన్ని ప్రోగ్రాములనూ తెరిచి, వచ్చిన ప్రతి పెట్టెకూ ఒకసారి జవాబిచ్చి, లాగాఫ్ అవండి.

యంత్రం అమరికల్లో లాగిన్‌కు అడ్డొచ్చేవి కొన్ని ఉన్నాయి. లాగిన్‌కు ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కీలు నొక్కమనే నియమం, ‘ఈ కంప్యూటర్ సంస్థ ఆస్తి’ అంటూ ఓకే నొక్కమని అడిగే చట్టపరమైన ప్రకటన, ఈ రెండూ క్రెడెన్షియల్ ప్రొవైడర్ పద్ధతికి సాధారణంగా ఆటంకాలే. సంస్థ మొత్తానికి వీటిని తీసేయడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. రోబో యంత్రాలను డైరెక్టరీలో ఒక ప్రత్యేక విభాగంగా పెట్టి, ఆ విభాగానికి మాత్రమే మినహాయింపునిచ్చే పాలసీ రాయించండి. ఇంత సేపు కదలిక లేకపోతే లాక్ చేయాలనే పరిమితిని కూడా అదే పాలసీలో చూసుకోవాలి, ఎందుకంటే పెద్ద రిపోర్టు తయారయ్యే వరకు రోబో నిశ్శబ్దంగా ఎదురుచూసే సమయం ఆ పరిమితిని దాటవచ్చు. స్లీప్‌ను పూర్తిగా ఆపేయండి. లాగిన్ సమయంలో ఫోన్‌కు ఆమోదం అడిగే రెండంచెల పరిశీలన మీ దగ్గర ఉంటే, రోబోకు ఫోన్ లేదు కనుక, ఆ ఒక్క ఖాతాకు ఆ ఒక్క యంత్రం మీద మాత్రమే మినహాయింపును రాతపూర్వకంగా అడగండి. ఖాతాను యంత్రానికి కట్టేసే పరిమితి అప్పుడు ఆ మినహాయింపుకు సమర్థనగా పనికొస్తుంది.

తెర కొలత గురించి ఒక మాట. మీ బల్ల మీది కంప్యూటర్ తెర 1920, 1080 చుక్కల కొలతలో ఉండి, మానిటరే లేని రోబో యంత్రం 1024, 768 కొలతలో తెరుచుకుందనుకోండి. మీరు కుడివైపు మూలన చూసిన ‘సేవ్’ బటన్ అక్కడ తెర బయటికి జారిపోతుంది, ఉదయానికి మళ్లీ అదే ‘బటన్ కనబడలేదు’ అనే మాట. అప్పుడు లాగిన్ విఫలమైందని అనుకుని దాని మీద పడతారు. రోబో సెషన్ కొలతను సాఫ్ట్‌వేర్ అమరికల్లో ముందే రాసిపెట్టి, అక్షరాల పరిమాణాన్ని (స్కేలింగ్) రెండు చోట్లా నూరు శాతం దగ్గరే ఉంచండి. ఆ యంత్రాన్ని పగలు మరెవరూ వాడకూడదు కూడా. విండోస్ 10, 11లలో ఒక సమయంలో ఒక్కరి సెషనే చురుకుగా ఉంటుంది. సాయంత్రం ఎవరో ఒకరు లాక్ చేసి వెళ్లిన సెషన్ వల్ల రోబో లోపలికి రాలేకపోవడం తరచుగా జరిగే పనే.

షెడ్యూలు రాసేటప్పుడు లాగిన్, బిల్లుల పని, లాగాఫ్ అనే మూడింటినీ వేరు వేరు అంచెలుగా పెట్టండి. లాగిన్ విఫలమైతే రెండో అంచె మొదలే కాకూడదు. లాగాఫ్ మాత్రం రెండో అంచె విజయవంతమైనా, మధ్యలో కూలినా జరిగి తీరాలి, లేకపోతే తెరిచి ఉన్న డెస్క్‌టాప్ ఉదయం వరకు అలాగే ఉండిపోతుంది. లాగిన్ పూర్తయిందని సాఫ్ట్‌వేర్ చెప్పిన క్షణానికే డెస్క్‌టాప్ సిద్ధమైపోదు. నెట్‌వర్క్ డ్రైవులు కలుసుకోవాలి, లాగిన్ స్క్రిప్టులు నడవాలి. చాలామంది ఇక్కడ ముప్పై సెకన్లు ఆగమని రాస్తారు. దానికి బదులు టాస్క్‌బార్ కనబడే వరకు, మీ బిల్లుల ఫోల్డరు తెరుచుకునే వరకు ఆగమని, అయిదు నిమిషాలు దాటితే ఆపి మీకు కబురు పంపమని రాయండి.

ఇక 90 రోజుల నిబంధన. నిర్ణీత గడువు ప్రకారం పాస్‌వర్డ్ మార్పించడం వల్ల ప్రయోజనం తక్కువని చెబుతూ మైక్రోసాఫ్ట్ 2019లో తన విండోస్ భద్రతా ప్రమాణాల నుంచి ఆ అంశాన్ని తొలగించింది. అయినా మీ సంస్థ నిబంధన మీ సంస్థదే, దాన్ని నెరవేర్చే దారి చూడాలి. జరగకూడనిది ఏమిటంటే, గడువు రోజు రాత్రి ‘పాస్‌వర్డ్ మార్చండి’ అనే తెర రోబోకు ఎదురుకావడం. నేను గతంలో పనిచేసిన ఒక చోట నాలుగు రోబో యంత్రాలకు ఒకటే ఖాతా ఉండేది. పాస్‌వర్డ్ మార్చిన రోజు మూడు యంత్రాల అమరికల్లో కొత్తది రాసి, నాలుగోదాన్ని మరిచాము. అది పాత పాస్‌వర్డ్‌తో అయిదు నిమిషాలకొకసారి ప్రయత్నిస్తూ పోయి ఖాతాను లాక్ చేయించింది. దానితో మిగిలిన మూడూ ఆగిపోయాయి. అది నెలాఖరు రాత్రి. ఆ మరుసటి వారమే యంత్రానికొక ఖాతా చొప్పున విడగొట్టి, ఒక్కసారి లాగిన్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించకుండా ఆగి, మనిషికి చెప్పేలా మార్చాము. మీరు ఆ రెండూ మొదటి రోజే చేయండి.

మీ సంస్థలో సైబర్‌ఆర్క్, ఆజూర్ కీ వాల్ట్ వంటి పాస్‌వర్డ్ ఖజానా ఉంటే, రోబో సర్వరు లాగిన్‌కు ముందు పాస్‌వర్డ్‌ను అక్కడి నుంచే తీసుకునేలా కలపవచ్చా అని ఐటీ వారిని అడగండి. యూఐపాత్ వంటి వాటిలో ఆ వీలుంది. అప్పుడు పాస్‌వర్డ్ ఉండేది ఒక్కచోటే కాబట్టి మరిచిపోవడానికి రెండో చోటు ఉండదు. అలాంటి ఖజానా లేకపోతే, గడువుకు పది రోజుల ముందు, రోబో పని లేని పగటివేళ, ఒక బాధ్యుడు డైరెక్టరీలోనూ రోబో సర్వరులోనూ ఒకే విడతలో మార్చి, అప్పటికప్పుడు లాగిన్ అంచెను ఒక్కదాన్నే నడిపి చూడాలి. ఆ బాధ్యుడు మీరు కాకపోతే మంచిది. బిల్లుల మీద అధికారం ఉన్న మనిషికి రోబో పాస్‌వర్డ్ కూడా తెలియవలసిన అవసరం లేదు.

ఎంత జాగ్రత్త పడినా ఏదో ఒక రాత్రి లాగిన్ తప్పుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ లాగ్‌లో కనబడే విండోస్ నంబరు మీకు సగం పని తగ్గిస్తుంది. 1326 అంటే పేరో పాస్‌వర్డో తప్పు. డొమైన్ పేరు, అంటే ఖాతా చెందిన సంస్థ నెట్‌వర్క్ పేరు, రాయడం మరిచినప్పుడు కూడా ఇదే వస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ మార్చే ముందు అది చూడండి. 1330 పాస్‌వర్డ్ గడువు తీరిందని, 1907 మొదటి లాగిన్‌లోనే మార్చాలనే గుర్తు ఖాతా మీద మిగిలిపోయిందని, 1909 ఖాతా లాక్ అయిందని చెబుతాయి. 1385 వస్తే పాస్‌వర్డ్ సరైనదే, ఆ యంత్రంలో ఆ పద్ధతిలో లాగిన్ అయ్యే హక్కు ఖాతాకు ఇవ్వలేదన్నమాట. ఈవెంట్ వ్యూయర్‌లో విఫలమైన లాగిన్లు 4625 నంబరుతో, ఖాతా లాక్ అయిన సంగతి 4740 నంబరుతో ఉంటాయి. రెండోది డొమైన్ కంట్రోలర్‌లో, అంటే సంస్థ ఖాతాలను సరిచూసే సర్వరులో, చూడాలి, ఏ యంత్రం వల్ల లాక్ అయిందో కూడా దానిలోనే రాసి ఉంటుంది. మా నాలుగో యంత్రం దొరికింది అలాగే.

అంతా అమర్చాక పగలు ఒకసారి నడిపి సరిపోయిందనుకోకండి. సాయంత్రం ఆ యంత్రాన్ని రీస్టార్ట్ చేయించి, ఎవరూ లాగిన్ కాకుండా, రిమోట్ డెస్క్‌టాప్‌లో తొంగి కూడా చూడకుండా వదిలేయండి. మీరు చూడడానికి లోపలికి వెళ్లడమే ఒక లాగిన్, అది పరీక్షను పాడుచేస్తుంది. ఉదయం 4624 నమోదులో రోబో ఖాతా పేరు, దాని పక్కన 2 గానీ 10 గానీ, పని ముగిసిన వేళకు లాగాఫ్ కనబడాలి. ఆ తరువాత మరో రాత్రి సర్వరులో కావాలనే తప్పు పాస్‌వర్డ్ పెట్టి, రోబో ఒక్క ప్రయత్నంతో ఆగి మీకు కబురు పంపుతుందో లేదో చూడండి. ఈ రెండో పరీక్షకు ముందు ఐటీ విభాగానికి చెప్పడం మరవకండి, ఇప్పటికే ఒకసారి వారికి దొరికిపోయారు కదా.